ఇంట్లో ఎవరెవరు కూర్చుంటారు?

మార్కాపురంలో నన్ను క్యాసెట్ల భాయ్ అంటారు. అసలు పేరు ఖాదర్ బాషా. ఆ పేరుతో పిలిచేది ఇద్దరే, ఒకరు బ్యాంకు వాళ్లు, ఇంకొకరు కోపం వచ్చినప్పుడు మా ఆవిడ. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి డీవీడీలు వచ్చాయి, చివరికి అన్నీ పోయి నా దుకాణం ఉన్న గదిలో ఇప్పుడెవరో చెప్పులు అమ్ముకుంటున్నారు. నా పేరులో మాత్రం క్యాసెట్లు అలాగే ఉండిపోయాయి.

మా తమ్ముడి మనవరాలు రేష్మా ఈ మధ్య స్నేహితురాళ్లతో కలిసి ఫోన్లో ఒక పేజీ మొదలుపెట్టింది. పెద్ద హీరో ఉండడు, గోడల మీద పోస్టరు పడదు, హాలుకు వచ్చినా వారం నిలవదు, అలాంటి చిన్న సినిమాలను వెతికి పట్టుకుని, ఇంట్లో కూర్చుని చూడదగ్గవి ఇవీ అని జనానికి చెప్తారట. పిల్ల నా దగ్గరికొచ్చి, జీవితమంతా నువ్వు చేసింది ఇదే గదా దాదా, మాకోసం నాలుగు మాటలు రాసియ్యి అంది. నేను నాలుగు మాటలతో ఆగే మనిషిని కాదని తెలిసే అడిగింది.

దుకాణం ఎలా పెట్టాను, లైసెన్సు కోసం ఎవరి చుట్టూ తిరిగాను, ఇవన్నీ వదిలేస్తున్నాను. అవి మీకు పనికిరావు. అసలు పని ఏమిటో, అందులో నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో అంతవరకు చెప్తాను.

శెట్టిగారి ప్రశ్న

పని నేర్చుకున్నది గిద్దలూరులో, ఒక శెట్టిగారి వీడియో లైబ్రరీలో. గది నిండా క్యాసెట్లు పెట్టుకుని కూడా ఆయన ఒక్క సినిమా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. పాటలొస్తే లేచి టీకి వెళ్లేవాడు, ఫైట్లొస్తే కునుకు తీసేవాడు. ఈయన దగ్గర నేనేం నేర్చుకుంటానని మొదట్లో తెగ బాధపడ్డాను. నాకప్పుడు మీసాలు కొత్త, తెలివి ఎక్కువ.

ఎవరైనా వచ్చి మంచి సినిమా ఒకటి ఇయ్యి శెట్టీ అంటే, ఏ సినిమా కావాలని ఆయన అడిగేవాడు కాదు. ఇంట్లో ఎవరెవరు కూర్చుంటారు అని అడిగేవాడు. అన్నాలు తిని చూస్తారా, చూస్తూ తింటారా అనేది రెండో ప్రశ్న. ఇంటికి చుట్టాలు ఎవరైనా వచ్చినారా అనేది మూడోది. ఆ తర్వాత కూర్చున్న చోటి నుంచే ఒక అర వైపు వేలు చూపించేవాడు, నేను తీసి ఇచ్చేవాణ్ని. మర్నాడు క్యాసెట్ తిరిగి తెచ్చిన మనిషి ముఖం చూస్తే శెట్టిగారి వేలు తప్పలేదని తెలిసేది.

ఒకసారి ఆయన చుట్టాల పెళ్లికి ఊరెళితే దుకాణం నా చేతికొచ్చింది. రైల్వేలో పనిచేసే ఒకాయన భార్య వచ్చి మంచి సినిమా అడిగింది. నేను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, ఎక్కడో బహుమతి వచ్చిన సినిమా ఒకటి తీసి, ఇది కెమెరా పని కోసం చూడాలమ్మా అని ఇచ్చి పంపాను. అన్నం కూడా తినకముందే తిరిగొచ్చింది. మా మామకు చెవుడు, ఇందులో ఎవరూ గట్టిగా మాట్లాడరేందయ్యా అని క్యాసెట్ బల్ల మీద పెట్టింది. ఇంట్లో అందరికీ ముసలాయన మధ్యమధ్యలో ఏమన్నాడు, ఏమన్నాడు అని అడుగుతుంటే జవాబు చెప్పడంతోనే సరిపోయిందట.

శెట్టిగారు వచ్చాక ఈ సంగతి చెప్పి, సినిమా మాత్రం గొప్పదండీ అన్నాను. ఆయన నవ్వి, గొప్పదేలే, అది నీకు గొప్పది, వాళ్ల మామకేం గొప్ప అన్నాడు. ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి భాయ్, ఏం చూడమంటావు అంటే ముందు నా నోట వచ్చేది ఆయన ప్రశ్నే. రేష్మా వాళ్లు పేజీలో సినిమాకు నక్షత్రాలు వేస్తున్నారు. వేయండి, కాదనను. కానీ నక్షత్రాల పక్కనే ఇది ఎవరింట్లో చూడాలో ఒక ముక్క రాస్తే జనం మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

పొదిలి వియ్యంకుడు

సొంత దుకాణం పెట్టిన కొత్తలో పొదిలి నుంచి ఒక పొగాకు వ్యాపారి మనిషిని పంపాడు. అమ్మాయికి సంబంధం కుదిరింది, మగపిల్లవాడి తల్లిదండ్రులు వచ్చి ఉన్నారు, మధ్యాహ్నం అందరూ కలిసి నవ్వుకునే సినిమా కావాలన్నాడు. ఇంట్లో ఎవరెవరని అడిగాను, చెప్పాడు. భోజనం తర్వాతేనా అన్నాను, అవునన్నాడు. అన్నీ సరిగ్గా అడిగానని మురిసిపోయి, ఒక పిసినారి మామ కథ ఇచ్చాను. ఎవరికీ తెలియని నటులు, చిన్న సినిమా, కడుపు చెక్కలయ్యే నవ్వు. అందులో మామ, ఇంటికొచ్చిన చుట్టాలు చేతులు కడుక్కోవడానికి లేస్తే చాలు, ఆ కాసేపటికి ఫ్యాను ఆపేస్తాడు.

ఆ సీను రాగానే ఆడపెళ్లివారి ఇంట్లో ఒకావిడ ఫక్కున నవ్విందట. ఆ వెనక ఇంకొకరు. తర్వాత ఇల్లంతా. ఎందుకంటే వారం కిందట వీళ్లు వియ్యంకుడి ఇంటికి వెళ్లినప్పుడు ఆ మహానుభావుడు అచ్చం ఆ పనే చేశాడు. ఆయన కుర్చీలోంచి లేచి, మమ్మల్నుద్దేశించే తెప్పించినారా ఈ సినిమా అని అడిగి, కండువా దులుపుకుని బయటికి నడిచాడు. సంబంధం గాల్లో ఊగింది. పొగాకు వ్యాపారి నన్ను జీపులో ఎక్కించుకుని వియ్యంకుడి ఇంటికి తీసుకెళ్లి, సినిమా నేనే ఎంచానని, వీళ్ల గురించి నాకు ఏమీ తెలియదని నాచేత చెప్పించాడు. చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, సరేలే పో అన్నాడు. పెళ్లి జరిగింది.

కొన్నాళ్లకు ఆయనే మార్కాపురంలో నా దుకాణానికొచ్చాడు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఆ రోజు సగంలో లేచిపోయినా గదా, ఆ ముసలోడు చివరికి ఏమైనాడు అని అడిగాడు. క్యాసెట్ ఇచ్చి పంపాను. మంచి సినిమా కోపాన్ని కూడా దాటి మనిషిని వెనక్కి లాగుతుందని నాకు మొదట తెలిసింది ఆయన వల్లే.

శెట్టిగారి ప్రశ్నలకు అప్పుడు నేను ఇంకోటి కలుపుకున్నాను. ఆ ఇంట్లో ఏ మాట ఎత్తకూడదు అనేది ఆ ప్రశ్న. దీన్ని ఎవరినీ మొహం మీద అడగలేం. అటూ ఇటూ మాట్లాడి పట్టుకోవాలి. నాకది బాగా వచ్చేసిందని చాలా ఏళ్లు గర్వపడ్డాను. ఆ గర్వం ఎక్కడ దిగిందో చెప్తాను, కాస్త ఆగండి.

మా ఆవిడ పరీక్ష

చిన్న సినిమా మంచిదో కాదో తేల్చడానికి నా దగ్గర పెద్ద శాస్త్రమేమీ లేదు. మా ఆవిడ రజియా ఉంది. మా ఇంట్లో చింతపండు ఎక్కువ, నల్లమల వైపు చుట్టాలు బస్తా పంపుతారు. మధ్యాహ్నం పూట ఆమె టీవీ ముందు కూర్చుని పిక్కలు తీస్తుంటుంది. సినిమా మామూలుదైతే చేతులు ఆగవు, మాట కూడా ఆగదు, నూనె అయిపోయిందని, పక్కింటావిడ ఏమందో అని చెప్తూనే ఉంటుంది. మాట ఆగిందంటే సినిమా ఫరవాలేదు. చేతులు కూడా ఆగితే నేను ఆ పేరు రాసుకుంటాను. ఒకసారి పిక్కల్ని పండు గిన్నెలో, పండుని పిక్కల్లో వేసేసింది. ఆ సినిమాను నేను మార్కాపురం సగానికి చూపించాను.

ఆ సినిమా 'రెండో బోరు'. దొనకొండ వైపు మెట్ట పొలాల్లో తీశారు. రైతు నరసింహులు మొదటి బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రెండోది వేయిస్తున్నాడు. అంతే కథ. రిగ్గు లారీ వస్తుంది, కొబ్బరికాయ కొడతారు, ఊళ్లో పనీపాటా లేని వాళ్లంతా చేరి తలా ఒక సలహా ఇస్తారు, బోరు దిగుతుంటుంది, నరసింహులు భార్య అందరికీ టీ కాస్తూ ఉంటుంది. పాట లేదు, ఫైటు లేదు, నీళ్లు పడతాయా పడవా అనే ఒక్క ప్రశ్న మీద మనల్ని కుర్చీకి కట్టేస్తాడు ఆ డైరెక్టరు. పొలం ఉన్న ఏ ఇంటికైనా చూపించవచ్చు. బోరు ఈ మధ్యే ఎండిపోయిన ఇంటికి మాత్రం వద్దు.

'కండక్టరమ్మ సెలవు' ఆడవాళ్లు మధ్యాహ్నం తీరిగ్గా కూర్చునే ఇళ్లకు. బస్సు కండక్టరుగా చేసే ఒకావిడ సెలవు పెట్టి, ఎటు వెళ్లాలో తోచక, తన బస్సులోనే టికెట్టు కొనుక్కుని కిటికీ పక్కన కూర్చుంటుంది. సర్వీసంతా ఆ దారిలో తిరిగినా ఆమె ఆ కిటికీలోంచి బయటికి చూడలేదు. ఇంతకు మించి చెప్తే మా ఆవిడ తిడుతుంది. మేకను పోగొట్టుకున్న ముసలి దంపతుల సినిమా ఇంకొకటి ఉంది, మన భాష కాదు, అయినా అందులో మాటలు లేనట్టే. చెవుడున్న మామలకు అంతకంటే మంచి సినిమా ఇంకా రాలేదు. అది శెట్టిగారి కాలంలో వచ్చి ఉంటే గిద్దలూరులో నా పరువు దక్కేది.

ఇక సలహా చెప్పే పద్ధతి. అద్భుతం అనకండి. ఆ మాట విన్నవాడు చేతులు కట్టుకుని, ఏదీ చూద్దాం అని కూర్చుంటాడు, వాడికి ఇక దేవుడు దిగొచ్చినా నచ్చదు. కాస్త నెమ్మదిగా సాగుతుంది గానీ బాగుంటుంది అనడం ఇంకా ఘోరం, పెళ్లిచూపుల్లో పిల్లది కాస్త కుంటి నడకే గానీ అన్నట్టు ఉంటుంది. బహుమతులొచ్చాయని చెప్పడం నేను శెట్టిగారి దగ్గరే మానుకున్నాను. మొదటి పావుగంటలో జరిగే ఒక చిన్న సంగతి చెప్పి ఊరుకోండి. కండక్టరమ్మ తన బస్సులోనే టికెట్టు కొనుక్కుంటుంది అంటే చాలు. వాళ్లకు చూడాలనిపిస్తే చూస్తారు, లేకుంటే లేదు. మీరు చెప్పిన సినిమా నచ్చలేదని ఎవరైనా అంటే వాదించకండి. నచ్చలేదన్న మనిషి ఎందుకు నచ్చలేదో చెప్తాడు చూడండి, అదే మన చదువు.

పాస్టరు గారి ఇల్లు

దుకాణం మూసేశాక కూడా నాకు ఫోన్లు ఆగలేదు. ఒకరోజు తర్లుపాడు దగ్గరి ఊరి నుంచి మార్తమ్మ ఫోన్ చేసింది. ఆమె భర్త ఇమ్మానుయేలు గారు ఆ ఊరి పాస్టరు. పొద్దున కూలికి పోయేవాళ్లు, పలకల గనుల్లో పనిచేసేవాళ్లు, వాళ్లే ఆయన సంఘం. మంచి మనిషి. సంఘంలో ఎవరికి జ్వరం వచ్చినా సైకిలేసుకుని వెళ్తాడు. సినిమా అంటే మాత్రం ఆయనకు గిట్టదు. మార్తమ్మ కొత్తగా కాపురానికొచ్చినప్పుడు పుట్టింటికి వెళ్లి నా క్యాసెట్లు తెప్పించుకుని చూసేది, అట్లా నాకు చెల్లెలి వరస.

వాళ్లకు ఒక్కతే కూతురు కెజియా. హైదరాబాదులో నర్సుగా చేస్తూ, తీరిక ఉన్నప్పుడు నాటకాలు వేసేది. ఆ నాటకాలు చూసిన ఒక కుర్ర డైరెక్టరు ఆమెను తన సినిమాలో వేయించాడు. 'గని గట్టు' అని దాని పేరు, మన మార్కాపురం పలకల గనుల దగ్గరే తీశారు. మొగుడు పనికోసం ఊరొదిలి పోయి తిరిగిరాకపోతే, చంటిబిడ్డతో గని పనికి పోయే రవణమ్మ కథ. కెజియానే రవణమ్మ. సంగతి తెలిసిన రోజు నుంచి ఇమ్మానుయేలు గారు కూతురితో మాట్లాడడం మానేశాడు. ఆమె ఫోన్ చేస్తే పక్కకు పెట్టేస్తాడు. పిల్ల పండగకు కూడా రావడం మానుకుంది. సినిమా ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది, ఎవరైనా ఇంట్లో చూడొచ్చు.

"ఆయనకు ఆ సినిమా చూపియ్యాల భాయ్. ఎట్ల చూపియ్యాలో నువ్వే చెప్పాల" అంది మార్తమ్మ. నువ్వు చూసినావా చెల్లీ అంటే, ఆయన చూడంది నేనెట్ల చూస్తా, ఇద్దరం కలిసే చూస్తాం అంది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. తండ్రీ కూతుళ్ల మధ్య నలిగిపోయి ఆ మనిషి సొంత బిడ్డ సినిమా కూడా చూడకుండా కూర్చుంది. నాకు చాలా బాధనిపించింది.

ఇలాంటి కేసు నా సర్వీసులో రాలేదు. నేరుగా ఆ సినిమా పెడితే ఆయన లేచిపోతాడు. ముందు ఆ ఇంటికి సినిమా అలవాటు చేయాలి. మార్తమ్మతో, ఆదివారం ఆరాధన అయి, భోజనం అయ్యాక నువ్వు టీవీ ముందు కూర్చో, ఆయన్ని రమ్మనవద్దు, అరుగు మీది నుంచి కనిపించేట్టు తలుపు తీసి పెట్టు అని చెప్పాను. మొదట 'రెండో బోరు' పెట్టించాను. ఆయనకూ రెండెకరాలుంది, బోరు బాధ తెలుసు. మొదట అరుగు మీద ఉన్నాడట. రిగ్గు లారీ వచ్చేసరికి గడప దగ్గరికి వచ్చాడట. నరసింహులు భార్య రెండోసారి టీ కాచేటప్పటికి మంచం మీద కూర్చుని, అక్కడ కాదు, ఇంకా కింద వేయాల్సింది అని టీవీకి సలహా చెప్తున్నాడట.

తర్వాతి ఆదివారం ఇంకో చిత్రం జరిగింది. ఆయన ప్రసంగంలో, ఒక రైతు ఉన్నాడు, పేరు నరసింహులు, మొదటి బోరు పోయింది, అయినా ఆశ వదల్లేదు, నిరీక్షణ కోల్పోలేదు అని మొదలుపెట్టి సంఘాన్ని ఏడిపించాడు. ఆరాధన అయ్యాక ఆడవాళ్లు మార్తమ్మ చుట్టూ చేరి, ఎవరక్కా ఆయన, ఏ ఊరు అని అడిగితే, దొనకొండ వైపులే అని తప్పించుకుంది. కండక్టరమ్మ కూడా ఆ మందిరానికి వచ్చి వెళ్లింది. మేక పోగొట్టుకున్న ముసలివాళ్లు సరేసరి, పాస్టరుకు అంతకంటే ఏం కావాలి. మార్తమ్మ ఫోన్లో నవ్వుతూ చెప్తుంటే నేను రజియాకు వినిపించేవాణ్ని. నా అంతవాడు లేడనుకున్నాను.

'గని గట్టు'ను నేను రెండుసార్లు చూశాను. ఆ ఇంటికి పనికిరాని సీను ఏమైనా ఉందేమోనని పోలీసులా వెతికాను. ముద్దుల్లేవు, తాగుడు లేదు, బూతు మాట ఒక్కటి లేదు. కెజియా నటన చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. ఇక పెట్టు చెల్లీ అని చెప్పాను.

పెట్టింది. మొదటి సీనులోనే ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం కూడా తినలేదట. మార్తమ్మ అంతవరకే చెప్పి ఫోన్ పెట్టేసింది.

మొదటి సీనులో ఏముందని నేను తల బద్దలు కొట్టుకున్నాను. పిల్ల గడప దగ్గర కూర్చుని తల దువ్వుకుంటుంది, అంతే. మళ్లీ పెట్టి రజియాను పిలిచాను. ఆమె గిన్నె చేతిలో పట్టుకుని నిలబడే చూసి, "బొట్టు జీ" అంది. రూపాయి బిళ్లంత బొట్టు. రవణమ్మ అద్దంలో చూసుకుంటూ పెట్టుకుంటుంది. సినిమాల్లో ఆడవాళ్లందరికీ బొట్టుంటుంది కాబట్టి అది నా కంటికి ఆనలేదు. బొట్టు లేని ఇంట్లో పుట్టి, బొట్టు లేని ఆడమనిషితో కాపురం చేస్తూ కూడా నేను గుర్తుపట్టలేదు. తప్పులన్నీ వేరేచోట వెతికాను.

ఆటో ఎక్కి ఆ ఊరు వెళ్లాను. ఇమ్మానుయేలు గారు మర్యాదగా కుర్చీ వేశాడు, మార్తమ్మ టీ ఇచ్చి లోపలికి వెళ్లింది. ఆ సినిమాలన్నీ పంపించింది నేనేనని చెప్పాను. తెలుసు భాయ్ అన్నాడు. ఆ మీదట తనే మొదలుపెట్టాడు.

"మా అమ్మ బాప్తిస్మం తీసుకున్నప్పుడు బొట్టు తీసేసింది. మా నాయన బతికుండంగానే. ఊర్లో ఆడోళ్లు ఆమె ఎదురొస్తే ఎనక్కి తిరిగి పోయినారు. కలుపుకు పిలవడం మానుకున్నారు. ఆమె ఒక్కమాట అనలేదు, ఎవురి మీదా కోపం పెట్టుకోలేదు, పోయేదాకా అట్లనే బతికింది. ఇది ఆమె మనవరాలు గదా భాయ్. అద్దం ముందర కూర్చోని ఎంత సులువుగా పెట్టుకుందో."

ఆయనకు కోపం ఉందనుకుని వెళ్లాను. అక్కడ ఉన్నది దుఃఖం. అయినా నా పని నేను చేయాలి కదా. అయ్యగారూ, ఆ బోరు రైతు రిగ్గుకు కొబ్బరికాయ కొట్టినాడు, అయినా ఆయన్ని మీరు మందిరంలోకి తీసుకపోయినారు గదా, అది నరసింహులు కొట్టిన కాయ, ఇది రవణమ్మ పెట్టుకున్న బొట్టు అన్నాను. దారి పొడుగునా ఆటోలో కూర్చుకున్న మాట అది.

"ఆయన నా కూతురు కాదు గదా భాయ్" అన్నాడు.

టీ తాగి, సెలవు తీసుకుని, తిరిగొచ్చేశాను. సినిమా ఎంచడం వరకే మన చేతిలో ఉంది. చూసేవాళ్ల గుండెలో ఏముందో మనకు తెలియదు, తెలిసినా దాన్ని మాటలతో తిప్పడం మన వల్ల కాదు. మీకు కూడా ఇలాంటి రోజు ఒకటి వస్తుంది, అప్పుడు వాదన పొడిగించకుండా లేచి రండి.

వారం తిరిగాక మార్తమ్మ ఫోన్ చేసింది. ఆ ఆదివారం భోజనం అయ్యాక తనే 'గని గట్టు' పెట్టుకుందట, ఈసారి ఎవరి కోసమూ ఆగలేదు. నా బిడ్డ చేసిన పని భాయ్, నేను చూడాల గదా అంది. ఆయన అరుగు మీద బైబిలు తెరుచుకుని కూర్చున్నాడు, తల ఇటు తిప్పలేదు. సినిమా సగం దాటాక, గనిలో గోడ కూలి రవణమ్మ పేర్చుకున్న పలక రాళ్లన్నీ చెదిరిపోయే సీను వస్తుంది. మిగతావాళ్లు ఇళ్లకు పోతారు. ఆమె ఒక్కతే కాసేపు కూర్చుని, మోకాలి మీద చెయ్యి పెట్టి లేస్తూ, పద పద, మనకెవరొస్తారు అని తనలో తాను అనుకుంటుంది. ఆ మాట వినపడగానే అరుగు మీది కుర్చీ చప్పుడైందట. చూస్తే ఆయన గడపలో నిలబడి ఉన్నాడు, బైబిలు చేతిలోనే ఉంది.

అది మా అమ్మ మాట, దీనికెవరు నేర్పినారు అని అడిగాడట. కూలి పనికి లేచినా, పొయ్యి దగ్గర లేచినా ఆమె అలాగే అనుకుని లేచేదట. మార్తమ్మకు జవాబు తెలుసు. తెలిసే చెప్పలేదు. దాన్నే అడగండి అంది. నేను చెప్తే ఏం బాగుంటది భాయ్ అని నాతో అంది, ఆమె తెలివికి నేను సలాం కొట్టాను.

ఆయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు. చివరిదాకా చూశాడు. బొట్టు గురించి ఒక్క మాట అనలేదు, బాగుందని కూడా అనలేదు. ఆ విషయంలో ఆయన మనసు మారిందని నేను చెప్పను, నాకు తెలియదు. అయిపోయాక మొదట్నుంచి పెట్టు అన్నాడు. పెట్టింది. ఈసారి అద్దం సీను వచ్చినప్పుడు లేవలేదు.

రెండోసారి అయిపోయాక ఫోన్ ఇయ్యి అన్నాడు. మార్తమ్మ కలిపి, స్పీకరు పెట్టి ఇచ్చింది. బాగున్నావా అని కూడా అనకుండా, నాయనమ్మ నువ్వు పుట్టక ముందే పోయింది గదా, ఆమె మాట నీకెట్ల వచ్చింది అని అడిగాడు.

"నాయనమ్మ మాటని నాకేం తెలుసు నాయనా" అంది కెజియా. "అది నీ మాట. ప్రసంగానికి లేచేటప్పుడల్లా మోకాలి మీద చెయ్యి పెట్టి అనుకుంటావు. నీకు తెలీదా?"

తెలియదు. ఆయనకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. తర్వాత, ఎప్పుడొస్తున్నావమ్మా అని అడిగాడట.